పైన పంగ, కింద గుంట: పాత పిన్‌బాల్ బల్లకు పోటు పెట్టే పద్ధతి

మీ మేనమామగారు చెన్నైలో ఒక పాత క్లబ్బు సామాను అమ్ముతుంటే 1970ల నాటి గాట్లీబ్ కంపెనీ పిన్‌బాల్ యంత్రాన్ని కొని ఒంగోలు తెచ్చారని, దాని ఎడమ ఫ్లిప్పరు (బటను నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న చెయ్యి) లేవకపోతే లోపల చూద్దామని, పెట్టె మీద బంతి దొర్లే బల్లను ఎత్తి చీపురుకర్ర ఆనించారని, కాసేపటికి కర్ర జారి బల్ల దబ్బున పడిందని, అదృష్టం కొద్దీ అప్పుడు చెయ్యి లోపల లేదని మీరు రాశారు. ఆ బల్లను ప్రమాదం లేకుండా ఎత్తి నిలబెట్టడం ఎలాగన్నది మీ ప్రశ్న. ఫ్లిప్పరు సంగతి చివర రెండు మాటల్లో చెబుతాను. ముందు పోటు, అంటే ఎత్తిన బల్లను కింద నుంచి ఆపి ఉంచే కర్ర సంగతి తేలాలి.

నాకు కావలిలో మోటార్ల వైండింగు షాపు ఉంది. ఇప్పుడు వచ్చే పని ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరియేటర్లదే అయినా, వయసులో ఉండగా చెన్నైలో వినోద యంత్రాలు అద్దెకిచ్చే ఒక షాపులో ఆరేళ్ళు పనిచేశాను. అందువల్ల నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఇలాంటి యంత్రం ఎవరింట్లోనైనా ఉంటే ఎవరో ఒకరు నా దగ్గరికి పంపుతుంటారు.

చీపురుకర్ర సన్నగా ఉండడం వల్ల జారిందని మీరు అనుకుంటున్నారు. మీ బల్ల ఉజ్జాయింపుగా 20 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు గల ప్లైవుడ్డు పలక. అడుగున బిగించిన కాయిళ్ళు (తీగచుట్టలు), స్విచ్చులు, తీగలతో కలిపి 15 నుంచి 20 కిలోలు ఉంటుందని నా అంచనా. ముందువైపు ఎత్తినప్పుడు ఆ బరువులో కొంత వెనక ఉన్న ఇరుసుల మీద పడుతుంది కాబట్టి కర్ర మీదికి వచ్చేది మిగిలినదే. ఆ కాస్త బరువుకు చీపురుకర్ర విరగదు, విరగలేదు కూడా. తప్పు కర్ర లావులో లేదు, దాని రెండు కొసల్లో ఉంది.

పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటలు చూసే ఉంటారు. కాయ బరువుకు వంగిన కొమ్మ కింద రైతు పంగ ఉన్న కర్రనే ఏరి పెడతాడు, కింద కొసను మట్టిలో గుంట చేసి దింపుతాడు. నున్నటి కర్రను తెచ్చి గట్టి నేల మీద నిలబెట్టి కొమ్మను దాని మీద ఆనించే రైతును నేను చూడలేదు. మీరు చేసింది సరిగ్గా అదే. పైకొస బల్ల అడుగున నున్నటి చెక్కకు తగిలి ఉంది, కింది కొస పెట్టె అడుగున నున్నటి పలక మీద ఉంది, పట్టి ఉంచేది ఏదీ లేదు.

ఇందులో చిన్న లెక్క ఉంది. బల్ల ఏటవాలుగా లేచి ఉంటుంది, పెట్టె అడుగు సమంగా ఉంటుంది. కర్రను బల్లకు లంబంగా పెడితే పైకొస బాగానే కూర్చుంటుంది కానీ కింది కొస అడుగుపలకకు వాలుగా పడి జారాలని చూస్తుంది. అడుగుపలకకు నిటారుగా పెడితే కింది కొస కదలదు కానీ పైకొస బల్ల వెంట పాకాలని చూస్తుంది. ఎలా పెట్టినా రెండు కొసల్లో ఒకటి జారే వైపే ఉంటుంది. యంత్రం తయారు చేసిన వాళ్ళకు ఈ సంగతి తెలుసు కాబట్టే కొన్నింటిలో కర్రను, కొన్నింటిలో ఇనుప కడ్డీని ఇచ్చి, దాని కొస దిగడానికి బల్ల అడుగున ఒక రంధ్రమో గాడో ఉంచి, రెండో కొసను పెట్టె గోడకు ఇరుసు మీద బిగించారు, లేదా ఒక దిమ్మెకు ఆనేలా చేశారు.

అందుచేత మొదట యంత్రంతో వచ్చిన పోటు ఉందేమో వెతకండి. టార్చి వేసి పెట్టె లోపలి గోడలు రెండూ చూడండి. గోడకు క్లిప్పులో ఇరికించిన కడ్డీ కనిపించవచ్చు, రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) పక్కన అడుగున పడి ఉన్న చెక్క ముక్క కనిపించవచ్చు. దుమ్ము పట్టిన ఆ ముక్కను పనికిరాని కర్ర అనుకుని పారేసిన వాళ్ళను ఇద్దరిని చూశాను. కడ్డీ పోయినా అది దిగే రంధ్రం, అరిగిన గుర్తు బల్ల అడుగున మిగిలే ఉంటాయి. కొత్త పోటు కొస సరిగ్గా అక్కడికే చేరాలి.

అసలు పోటు దొరికినా వెంటనే నమ్మవద్దు. 2009లో కావలిలోనే ఒక ఇంట్లో జరిగినది చెబుతాను. ఆ యంత్రానికి అసలు కడ్డీ ఉంది, వంపు పోలేదు, బల్ల అడుగున రంధ్రం కూడా చక్కగా ఉంది. బల్ల ఎత్తి కడ్డీ దించి, ఎడమ చెయ్యి లోపలికి పెట్టి స్విచ్చు ఆకును వంచుతుండగా పటక్కుమని చిన్న చప్పుడైంది. చప్పుడుకే చెయ్యి వెనక్కి లాగాను, అయినా చూపుడువేలి గోరు బల్ల అంచుకూ పెట్టె అంచుకూ మధ్య చిక్కింది. గోరు ఊడి కొత్తది వచ్చేదాకా చాలా నెలలు ఆ వేలితో తీగ చుట్టలేకపోయాను. తర్వాత చూస్తే కడ్డీ చెక్కుచెదరలేదు. కడ్డీ ఇరుసును పెట్టె గోడకు పట్టి ఉంచిన మూడు స్క్రూలు ఊడి వచ్చాయి, వాటి మరల్లో బొంబాయి రవ్వలాంటి పొడి ఉంది. లోపలి నుంచి చెదలు తినేసిన ప్లైవుడ్డు మీద పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది.

మన కోస్తాలో ఇది తప్పక చూడవలసిన విషయం. ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పడుతుంది, తేమకు ప్లైవుడ్డు పొరలు విడతాయి, చెదల సంగతి చెప్పనక్కరలేదు. బల్ల ఎత్తక ముందే, నాణెం వేసే చిన్న తలుపు గుండా చెయ్యి పెట్టి అందినంత మేర స్క్రూడ్రైవరు పిడితో గోడలను తట్టండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, తిన్న చెక్క బొదబొదమంటుంది. వెనక ఇరుసులు ఉన్న చోట బయటి నుంచి కూడా తట్టండి, ఎందుకంటే బల్ల ఎత్తిన క్షణం నుంచి దించే దాకా బరువులో పెద్ద భాగం మోసేది ఆ రెండు మూలలే. అక్కడ అనుమానం ఉంటే ఎత్తే పని మానుకుని ముందు వడ్రంగిని పిలవండి.

ఇక ఎత్తడం. ప్లగ్గు పీకండి. స్విచ్చు ఆపితే చాలదు. పాత యంత్రాల్లో స్విచ్చు దాకా, ఫ్యూజు దాకా వచ్చే తీగల్లో సరఫరా ఉండనే ఉంటుంది, పైగా మన ఇళ్ళ వైరింగులో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉండడం కొత్త కాదు. పీకిన ప్లగ్గును గోడ దగ్గర వదలకుండా నేను యంత్రం ముందు కాలికి చుట్టి కడతాను. పని చేస్తున్నంతసేపూ అది నా కళ్ళెదుట ఉంటుంది, ఎవరో మంచితనానికి పోయి మళ్ళీ పెట్టేస్తారేమోనన్న భయం ఉండదు. యంత్రాన్ని సమమైన నేల మీద ఉంచండి. వాననీళ్ళు పోవడానికి వాలు ఇచ్చిన వరండా ఇందుకు పనికిరాదు. ఇలాంటి యంత్రం నూరు కిలోలకు అటూఇటూ తూగుతుంది, స్కోరు చూపే దీపాల పెట్టె అంతా వెనకే నిలువుగా ఉంటుంది, బల్ల కూడా లేచి వెనక్కి వెళితే బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది. కాబట్టి నాలుగు కాళ్ళ బోల్టులూ, దీపాల పెట్టెను పట్టి ఉంచే బోల్టులూ స్పానరుతో ఒకసారి బిగించి చూడండి.

తర్వాత పై అద్దం. చిన్న తలుపు తెరిచి లోపల పైవైపు తడిమితే ఒక మీట తగులుతుంది. దాన్ని జరిపితే ముందున్న లోహపు పట్టీ పైకి వస్తుంది, అద్దాన్ని మీ వైపు జారుస్తూ బయటికి తీయవచ్చు. మీది ఒంగోలు కాబట్టి ఇంట్లో చీమకుర్తి గ్రానైటు పరిచి ఉంటారని ఊహిస్తున్నాను. అద్దాన్ని ఆ రాతి మీద అంచు ఆనేలా నిలబెట్టవద్దు. టఫెన్డ్ గాజు మధ్యలో దెబ్బకు ఓర్చుకుంటుంది, అంచుకు రాయి తగిలితే మాత్రం ఒక్కసారిగా గుప్పెడు గులకరాళ్ళలా రాలిపోతుంది. మామూలు గాజైతే కత్తుల్లా విరుగుతుంది. పరుపు మీద పడుకోబెట్టండి, లేదా గోనెసంచి మడతల మీద గోడకు చేరవేయండి.

బంతిని తీయండి. చాలామంది మరిచిపోయేది దీన్నే. 27 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ, 80 గ్రాములు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి బల్ల ఎత్తితే వెనక్కి దొర్లి దీపాల పెట్టె వైపు దూసుకుపోతుంది, లేదా పక్క సందులోంచి అడుగున ఉన్న రిలేల మధ్య పడుతుంది. దీపాల పెట్టె ముందున్న బొమ్మ అద్దం వెనకవైపు రంగులు వేసిన గాజు. ఆ రంగు పెచ్చులుగా ఊడడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఊడితే ఆ బొమ్మ మళ్ళీ రాదు. యంత్రం ధరలో సగం దాని మీదే ఉంటుందని నా అభిప్రాయం. వీలుంటే ఆ అద్దాన్ని కూడా ముందే తీసి, రంగు ఉన్న వైపు దేనికీ రాసుకోకుండా నిలువుగా భద్రపరచండి.

ఎత్తేటప్పుడు ముందు అంచున ఉన్న గట్టి చెక్కను పట్టుకోండి. ఫ్లిప్పర్లనూ, ప్లాస్టిక్ ముక్కలనూ పట్టుకోవద్దు. ముందుకు లాగుతూ ఎత్తవద్దు కూడా, ఎందుకంటే చాలా యంత్రాల్లో బల్ల వెనక ఉన్న పట్టీలు ఇరుసుల మీద కేవలం కూర్చుని ఉంటాయి, లాగితే గాడి తప్పుతాయి. ఒక జానెడు ఎత్తి ఆగి, రెండో మనిషి చేత టార్చి పట్టించి తీగల కట్ట ఎక్కడైనా బిగుసుకుందేమో చూడండి. బట్ట తొడుగు ఉన్న ఆ తీగలు యాభై ఏళ్ళకు పెళుసెక్కి ఉంటాయి, ముఖ్యంగా బల్ల వంగే మూల దగ్గర.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ వీడియోల్లో బల్లను ముందుకు జరిపి, పట్టాల మీద జార్చి, దీపాల పెట్టెకు నిలువుగా ఆనించడం చూసి ఉంటారు. అది 1990ల నాటి యంత్రాలకు వాటి తయారీదారులు చేసిన ఏర్పాటు. మీ యంత్రానికి ఆ పట్టాలు ఉండవు. పాతవాటిలో కూడా కొన్నింటిని పూర్తిగా నిలువుగా లేపి దీపాల పెట్టెకు దిండు అడ్డం పెట్టి ఆనించవచ్చు, నేనూ చేస్తాను. కానీ బొమ్మ అద్దం తీసేసి, ఇరుసులు గట్టిగా ఉన్నాయని తేల్చుకున్నాకే. మొదటిసారి ఎత్తేవారు దాని జోలికి పోకపోవడం మేలు.

అసలు పోటు లేకపోతే ఇలా చేయించండి. గుండ్రటి సర్వి కర్ర వద్దు. సెంట్రింగు వాళ్ళు స్లాబు కింద సర్వి పోట్లు పెడతారు కదా అని ఒకరు నాతో వాదించారు. వాళ్ళు కింద చెక్కముక్క వేసి, చీలలు కొట్టి, అడ్డకర్రలు కట్టి పెడతారు, ఊరికే ఆనించరు. పైగా గుండ్రటి కర్ర తిరుగుతుంది. రెండు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న టేకు రీపరు తీసుకోండి. బల్లను మీకు కావలసిన ఎత్తులో ఇద్దరు మనుషుల చేత పట్టించి, బల్ల అడుగున అడ్డంగా ఉండే చెక్కపట్టీ నుంచి కింద ఆనే చోటు దాకా టేపుతో కొలవండి. ఆ కొలతకు పంగ లోతు ఒక అంగుళం కలిపి కోయించండి. పైకొసన, చెక్కపట్టీ మందం సరిగ్గా పట్టేలా పంగ తీయించి, దాని లోపల సైకిలు ట్యూబు ముక్క అంటించండి. చెక్కను చెక్క కంటే రబ్బరు బాగా పట్టుకుంటుంది.

కష్టమంతా కింది కొసతోనే. మీ యంత్రం అడుగుపలక మీద ట్రాన్స్‌ఫార్మరు, స్కోరు మోటారు, వరుసగా రిలేలు ఉంటాయి, కర్ర నిలపడానికి అరచెయ్యంత ఖాళీ కూడా చాలాసార్లు దొరకదు. రిలేల మీదో వాటి చట్రం మీదో పొరపాటున కూడా నిలపవద్దు. ముందువైపు మూలల్లో పెట్టె గోడ, ముందరి పలక కలిసే చోట త్రికోణపు దిమ్మె ఉంటే అదే మంచి ఆధారం. అక్కడ మీ రీపరు కింది కొసను ఆ మూల ఆకారానికి కోయించండి, మూలే గుంటలా పట్టుకుంటుంది. దిమ్మె లేకపోతే ఒక పలక ముక్కను మూలలో ఇరికేలా కోసి, దాని మీద చిన్న అడ్డుపట్టీ కొట్టి, ఆ పట్టీకి రీపరును ఆనించండి. పాత పెట్టెకు కొత్త మేకులు కొట్టవలసిన అవసరం ఉండదు. ఇనుప కడ్డీ చేయించుకునే వారు 10 ఎంఎం కడ్డీ కొస వంచి చేయించుకోవచ్చు కానీ, దానికి నిలువునా ప్లాస్టిక్ గొట్టం తొడగాలి, ఎందుకంటే బల్ల అడుగున సోల్డరు చేసిన కొసలన్నీ బట్టబయలుగా ఉంటాయి. నా ఓటు చెక్కకే.

ఒకే పోటు ఒక పక్కన ఉంటే పాత బల్ల మెలిపడుతుంది. అందుకని రెండో పక్కన కూడా అదే కొలత రీపరు పెట్టండి. అంతటితో ఆపవద్దు. రెండున్నర అడుగుల పొడవు, రెండు అంగుళాల మందం ఉన్న ఇంకో గట్టి చెక్కకు బట్ట చుట్టి, లేచిన బల్ల కిందుగా, పెట్టె రెండు గోడల మీద అడ్డంగా వేయండి. పెట్టె వెడల్పు ఎంత తక్కువైనా 20 అంగుళాలు దాటి ఉంటుంది కాబట్టి రెండు వైపులా కొంత బయటికి వస్తుంది. దాన్ని తాడుతో కాళ్ళకు కట్టండి. పోట్లు రెండూ జారినా బల్ల ఈ అడ్డచెక్క మీద ఆగుతుంది. బల్ల ఇరుసు గోడల అంచు కంటే కిందుగా ఉంటుంది కాబట్టి, అడ్డచెక్కను ఎంత వెనక్కి జరిపితే ఆగిన బల్ల ముందు అంచు అంత ఎత్తున ఉంటుంది, మీ చేతికి అంత చోటు మిగులుతుంది. కాయిలు చట్రమొకటి వంగవచ్చు, వంగనీయండి. ఆ గోరు పోయిన తర్వాత ఈ అడ్డచెక్క లేకుండా నేను ఏ బల్ల కిందా చెయ్యి పెట్టలేదు.

చెయ్యి పెట్టక ముందు బల్లను ఊపి చూడండి. ముందు అంచును ఎడమకు, కుడికి, కొంచెం పైకి, కొంచెం కిందికి తొయ్యండి. పైకి తోసినప్పుడు పంగ వదులైతే కర్ర పొట్టిదని అర్థం. పక్కకు తోసినప్పుడు టకటకమంటే కింది కొస కూర్చోలేదని అర్థం. పనిచేసేటప్పుడు ముందు నుంచి కాకుండా పక్క నుంచి చెయ్యి పెట్టండి, తల మాత్రం బల్ల కిందికి ఎప్పుడూ వంచవద్దు. కనిపించకపోతే చిన్న అద్దం, టార్చి వాడండి, లేదా ఫోనుతో ఫోటో తీసి బయట చూసుకోండి.

ఫ్లిప్పరు చూడడానికి చాలావరకు కరెంటు అక్కరలేదు. ఫ్లిప్పరు అసలు కదలకపోతే కాయిలు కొసల దగ్గర తీగ ఊడిందేమో చూడండి. నీరసంగా కదులుతుంటే కాయిలు పక్కనే ఉండే, ఫ్లిప్పరు పూర్తిగా లేచే సమయానికి తెరుచుకునే స్విచ్చు ముఖాలు మసి పట్టాయేమో చూడండి. అది సరిగ్గా మూసుకోకపోతే కరెంటు బలమైన చుట్టుతో పాటు పట్టి ఉంచే సన్నచుట్టు గుండా కూడా పోవలసి వచ్చి ఫ్లిప్పరుకు శక్తి చాలదు. ఫ్లిప్పరును చేత్తో చివరిదాకా నెడితే ఆ స్విచ్చు ఉజ్జాయింపుగా 3 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి.

కరెంటు పెట్టి చూడక తప్పకపోతే చేతులు బయట ఉంచి మాత్రమే చూడండి. కాయిలు కొట్టిన ప్రతిసారీ బల్ల అదురుతుంది, ఆ అదురుకే పోటు కొద్దికొద్దిగా నడుస్తుంది. నాలుగైదు దెబ్బల తర్వాత ఆపి, ప్లగ్గు పీకి, రెండు కొసలూ మళ్ళీ చూసుకోండి. యంత్రం అమెరికా కరెంటుకు చేసినదైతే మీరు మన 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వాడుతూ ఉంటారు. మార్కెట్లో దొరికే వాటిలో చాలావరకు ఒకే చుట్టుతో వోల్టేజీ తగ్గించే రకం, వాటి నుంచి వచ్చే తీగ తక్కువ వోల్టులే అయినా ఇంటి సరఫరా నుంచి విడిపడి ఉండదు. తక్కువ వోల్టులే కదా అని ముట్టుకోవద్దు.

దించడానికి కూడా ఇద్దరు ఉండాలి. ఒక చేత్తో బల్లను మోస్తూ ఇంకో చేత్తో పోటు లాగడం వల్లే ఎక్కువ దెబ్బలు తగులుతాయి, ఎందుకంటే పని అయిపోయిందన్న తొందర అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఒకరు ముందు అంచును రెండు చేతులతో పట్టుకుని వేలెడంత ఎత్తి నిలవాలి. రెండోవారు పోట్లు రెండూ, ఆ తర్వాత అడ్డచెక్క తీసి, తీశానని నోటితో చెప్పాలి. అది వినేదాకా మొదటివారు దించకూడదు. లోపలికి తీసుకెళ్ళిన పనిముట్లు బయటికి వచ్చాయో లేదో లెక్క చూసుకోండి. నేను ఒకసారి ముక్కు ప్లయరును రిలేల మీద వదిలేసి రెండు ఫ్యూజులు కాల్చాను. చివరి జానెడు దూరంలో పక్క గోడల వెంట తీగలు నలగకుండా చూస్తూ దించండి. అద్దం వేసి ముందు పట్టీ పెడితే అది సులువుగా లోపలికి దిగి మీట పడాలి. బలవంతం చేయవలసి వస్తే బల్ల వెనక ఇరుసుల మీద సరిగ్గా కూర్చోలేదని అర్థం. పట్టీని గుద్దకుండా, అద్దం మళ్ళీ తీసి వెనక మూలలు రెండూ చూడండి.